గోడ మీద పచ్చటి మెత్త ఏమిటి?

ప్రశ్న: వానలు పడగానే మా ప్రహరీ గోడ మీద పచ్చటి మెత్తలా పెరుగుతోంది. ఎండ కాస్తే నల్లబడిపోతుంది. ఇది పాచేనా?

జవాబు: కాదు. పాచి జారుడుగా పొరలా ఉంటుంది, దానికి ఆకులుండవు. మీది చిన్న చిన్న ఆకులుండే నాచు మొక్క (మాస్). మన ఊళ్లలో సున్నం, సిమెంటు గోడల మీద ఎక్కువగా కనిపించేది హయోఫిలా ఇన్వొల్యూటా. ఎండిన చిన్న ముక్కను తీసి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. ఆకుల అంచులు లోపలికి చుట్టుకుని గొట్టాల్లా ఉంటాయి. ఒక చుక్క నీరు వేయండి. చూస్తుండగానే అవి చెంచాల్లా విచ్చుకుంటాయి. చూడాల్సిన దృశ్యం! ఆకు కొస దగ్గర సన్నటి రంపపు పళ్లుంటాయి. సన్నటి కాడ చివర బీజాలు (స్పోర్లు) నిండిన చిన్న తిత్తి ఉంటుంది, దాన్నే గుళిక అంటారు. ఇందులో గుళిక నిటారుగా ఉంటుంది.

గుళిక బేరికాయలా ఉండి తల వంచితే అది ఫ్యునేరియా అనే మరో నాచు. పూలకుండీల్లో, మంట పెట్టిన నేల మీద వెతకండి.

గోకితే మళ్లీ వస్తుంది. పగుళ్లలో మిగిలిన తునకలు, ఆకుల మొదళ్లలోని సూక్ష్మ మొగ్గలు చాలు, కొత్త మొక్కలు లేస్తాయి. గోడకు నీరెక్కడి నుంచి దిగుతోందో ముందు చూసి ఆపండి.