ఆఫర్ అయిపోతే అయిపోనీ, ముందు ఆ లాప్‌టాప్ సంగతి చూద్దాం

అమ్మడూ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. విండోస్ 11 ప్రో లైసెన్స్ 80 శాతం తగ్గింపుతో వస్తోందనీ, గడువు రేపు అర్ధరాత్రితో సరి అనీ, రెండు కొనేస్తే నీ లాప్‌టాప్‌కీ మీ నాన్న డెస్క్‌టాప్‌కీ సరిపోతాయనీ గుక్కతిప్పుకోకుండా రాశావు. చివర్లో మాత్రం "పాత మెషిన్లు కదా పెద్దమ్మా, ఎక్కుతుందంటావా" అని ఒక ముక్క తగిలించావు. ఆ ముక్క అన్నిటికంటే ముందు రావలసింది.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. నాకు తెలిసి నీకు ఏ లైసెన్సూ అక్కర్లేదు. నీ లాప్‌టాప్‌లో ఇప్పుడున్న విండోస్ 10 సక్రమంగా యాక్టివేట్ అయి ఉండి, మెషిన్ 11కి తగినదైతే, అప్‌గ్రేడ్ ఉచితంగానే వస్తుంది. తగినది కాకపోతే లైసెన్స్ కొన్నా తగినది కాదు. డబ్బు కట్టినంత మాత్రాన లోపలి ప్రాసెసర్ ఒక తరం ముందుకు జరగదు కదా! ఇక ఆ ఆఫర్ నీకెందుకో నువ్వే చెప్పు. విడి పార్టులు తెచ్చి సొంతంగా బిగించుకున్నవాళ్ళకి పనికొస్తుంది. విండోస్‌లో హోమ్ అనే మామూలు రకం నుంచి ప్రోకి మారాల్సినవాళ్ళకి పనికొస్తుంది. నువ్వు బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో నీ మెషిన్‌లోకి రావాలా? అక్కర్లేదంటే హోమ్ చాలు. ప్రో అన్న పేరు చూసి మురిసిపోకు.

ముందు నీ దగ్గర ఏముందో చూసుకో. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ అనే చోటికి వెళ్ళు. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని అక్కడ కనిపిస్తే చాలు. విండోస్ 8 రోజుల నుంచి బ్రాండెడ్ లాప్‌టాప్‌లలో కంపెనీవాళ్ళు ఆ కీని మదర్‌బోర్డు మీద చిప్‌లోనే రాసి పంపుతున్నారు. అందుకే డిస్కు మొత్తం తుడిచేసి మళ్ళీ విండోస్ వేసినా అది తన కీ తనే వెతుక్కుంటుంది. అడుగున స్టిక్కర్ లేదని కంగారుపడి కొత్త కీ కొన్నవాళ్ళని నేను చాలామందినే చూశాను.

ఇక మెషిన్ వయసు. నీది "ఐ5" అన్నావు. ఐ5 అనడం ఇంటిపేరు చెప్పి ఊరుకోవడంలాంటిది. ఆ పేరుతో ప్రాసెసర్లు 2009 నుంచీ వస్తున్నాయి. సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ తెరిస్తే పూర్తి పేరు ఉంటుంది. ఐ5 తర్వాత అడ్డగీత, ఆ తర్వాత అంకెలు. 7200యు అని ఉంటే మొదటి 7 దాని తరం, అంటే ఏడో తరం. 8250యు అంటే ఎనిమిదో తరం. 10210యు అని అయిదంకెలుంటే మొదటి రెండూ కలిపి పదో తరం. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అధికారికంగా ఒప్పుకున్నారు. ఏడో తరంలో ఒకటీ అరా మినహాయింపులున్నాయి గానీ వాటి మీద ఆశ పెట్టుకోకు. 7200యుకీ 8250యుకీ మధ్య ఒక్క తరమే తేడా, పక్కపక్కన పెడితే రెండు లాప్‌టాప్‌లూ కవలల్లా ఉంటాయి, కానీ ఒకటి గడప దాటుతుంది, రెండోది బయటే ఉండిపోతుంది. ఏఎమ్‌డీ రైజెన్ అయితే 2000 వరస నుంచి అంటారు, కానీ ఆ వరసలో కూడా అన్నీ లేవు. మైక్రోసాఫ్ట్ పెట్టిన జాబితాలో పేరు వెతికి చూడాల్సిందే. ఇదంతా చదివే ఓపిక లేకపోతే పీసీ హెల్త్ చెక్ అని వాళ్ళదే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అది చెప్పేస్తుంది.

విండోస్ 11 అడిగే భద్రతా భాగం ఒకటుంది, టీపీఎమ్ అని. ఆ ప్రోగ్రామ్ "టీపీఎమ్ 2.0 లేదు" అన్నప్పుడు మాత్రం వెంటనే నమ్మకు. చాలా మెషిన్లలో అది ఉండే ఉంటుంది, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే అమరికల మెనూలో, ఆపేసి ఉంటుందంతే. ఇంటెల్ మెషిన్లలో దాన్ని పీటీటీ అంటారు, ఏఎమ్‌డీ వాటిల్లో ఎఫ్‌టీపీఎమ్ అంటారు. మెనూలో ఆ పేరు వెతికి ఆన్ చేస్తే, నిన్నటిదాకా పనికిరాదన్న మెషిన్ ఇవాళ పనికొస్తుంది. మెషిన్ లేచేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రామ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్ సంగతి మాత్రం జాగ్రత్త. అది యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బయోస్‌లోనే నడుస్తుంది. డిస్కు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించి ఉండగా బూట్ మోడ్‌ని యూఈఎఫ్ఐకి మార్చేశావనుకో, మెషిన్ లేవదు. ముందు డిస్కుని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. దానికి విండోస్ 10లోనే ఒక సాధనం ఉంది. ఆ పని నువ్వొక్కదానివే చెయ్యకు, నాకు వీడియో కాల్ చెయ్యి.

నువ్వు రాయని సంగతి ఒకటుంది, నాకు అసలు దిగులు దానిమీదే. మీ నాన్న బల్లమీదున్న స్కానర్. పాత మెషిన్‌కి కొత్త విండోస్ అనగానే అందరూ ప్రాసెసర్ గురించీ ర్యామ్ గురించీ ఆలోచిస్తారు. దెబ్బ తగిలేది మాత్రం పక్కనున్న సరంజామాకి. నా కథ చెప్తాను విను.

విండోస్ 7 బయటికొచ్చింది 2009 అక్టోబరు 22న. రాకముందే కొన్ని దేశాల్లో తగ్గింపు ధరకి ముందస్తు ఆర్డర్లు తీసుకున్నారు, గోల గోలగా ఉండేది. నేనూ తగ్గింపు చూసి ఒక అప్‌గ్రేడ్ పెట్టె తెచ్చుకున్నాను. లోపల రెండు డిస్కులు. ఒకటి 32 బిట్, రెండోది 64 బిట్. కీ మాత్రం ఒక్కటే, దేనికైనా చెల్లుతుంది. పెద్ద అంకె మంచిదనుకుని 64 పెట్టేశాను. నా మెషిన్‌లో ఉన్న ర్యామ్ 2 జీబీ! ర్యామ్ 4 జీబీ దాటితేనే గానీ 64 బిట్‌తో చెప్పుకోదగ్గ లాభం లేదన్న సంగతి తెలిసి కూడా పెట్టాను, చూడు. అంతా ఎక్కింది, తెర తళతళలాడింది. స్కానర్ తీగ గుచ్చాను. ఓ చిన్న కిటికీ వచ్చి, డ్రైవర్, అంటే స్కానర్‌ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రామ్, దొరకలేదంది. స్కానర్ పెట్టెలోని సీడీ వేశాను, లోపలికే రానివ్వలేదు. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచెయ్యదు. ఆ కంపెనీ ఆ మోడల్‌కి 64 బిట్ డ్రైవర్ రాయనే లేదు, అప్పటికే కొత్త మోడల్ అమ్ముకుంటోంది మరి. పోనీ 32కి వెనక్కి వెళ్దామంటే నేరుగా దారి లేదు, మొత్తం తుడిచి మొదటి నుంచి వెయ్యాలి. ఆదివారమంతా కూర్చుని అదే చేశాను. పెట్టెలో రెండో డిస్కు ఉంది కాబట్టి బతికిపోయాను.

మీ నాన్నకి ఆ అవకాశం కూడా లేదు. విండోస్ 11లో 32 బిట్ రూపమే లేదు. కాబట్టి ముందు ఆ డెస్క్‌టాప్‌లో ఉన్న విండోస్ 10 ఎన్ని బిట్లదో చూడు, అదే అబౌట్ పేజీలో "సిస్టమ్ టైప్" అని ఉంటుంది. ఇప్పటికే 64 అయి, స్కానర్ దానిలో పనిచేస్తోందంటే 11లో కూడా చెయ్యడానికే అవకాశాలెక్కువ. 32 అయితే స్కానర్ కంపెనీ సైట్‌లో ఆ మోడల్ డ్రైవర్ల పేజీ తెరిచి 64 బిట్‌ది ఉందో లేదో వెతుకు. లేకపోయినా వ్యూస్కాన్ అనే ప్రోగ్రామ్ వేల పాత స్కానర్లని సొంత డ్రైవర్లతో నడుపుతుంది, ముందు ఉచితంగా పరీక్షించి చూసుకోవచ్చు. మామూలు ప్రింటర్‌కి ఇంత బాధ ఉండదు. లేబుల్ ప్రింటర్లూ, పాత టీవీ కార్డులూ, అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కి తాళంలా పెట్టే యూఎస్‌బీ డాంగిల్‌లూ మాత్రం ముందుగా చూసుకోవాలి.

ఇక ఆ 80 శాతం తగ్గింపు సంగతి. లైసెన్స్ అంటే ఆ 25 అక్షరాలు కాదమ్మడూ. అవి ఎవరైనా కాయితమ్మీద రాసి ఇవ్వగలరు. లైసెన్స్ అంటే వాడుకునే హక్కు. ఆ హక్కు దేనికి కట్టి ఉందన్నదే అసలు ప్రశ్న. రీటైల్, అంటే కొట్లో విడిగా కొనేది, అయితే నీకు కట్టి ఉంటుంది, పాత మెషిన్‌లోంచి తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు. ఓఈఎమ్, అంటే మెషిన్ తయారీదార్ల కోసం ఇచ్చేది, అయితే మొదట వేసిన మదర్‌బోర్డుకి కట్టి ఉంటుంది, బోర్డు పోతే అదీ దానితోపాటే పోతుంది. చవకగా దొరికేవాటిలో ఓఈఎమ్‌లూ ఉంటాయి. ఇంకో రెండేళ్ళు నడుస్తుందో లేదో తెలియని మెషిన్‌కి ఓఈఎమ్ కొనడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఎప్పుడైనా నిజంగా కొనాల్సి వస్తే రీటైలే కొను, ధర ఎక్కువైనా సరే.

మూడోది వాల్యూమ్ లైసెన్స్. పెద్ద సంస్థలు వందల మెషిన్లకి కలిపి తీసుకునేది. అందులోంచి జారిపోయిన కీలు కూడా ఇలా విడివిడిగా అమ్ముడుపోతుంటాయి. నేనూ ఒకసారి ఆ ఉచ్చులో పడ్డాను. వేసినరోజు నిక్షేపంగా యాక్టివేట్ అయింది. అమ్మినవాడికి మంచి రేటింగ్ కూడా ఇచ్చాను, నా చేతులతో నేనే. ఆరు నెలలు దాటాక తెర కుడివైపు కింది మూలలో లేతగా "యాక్టివేట్ విండోస్" అని తేలింది. వాడిచ్చింది కేఎమ్ఎస్ రకం. అది 180 రోజుల్లోగా సంస్థ సర్వర్‌ని పలకరించి గడువు పొడిగించుకుంటూ ఉండాలి. ఏ సంస్థ సర్వరో నాకేం తెలుసు! అమ్మినవాడి పేజీ అప్పటికే మాయం.

నీ మెషిన్‌లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ కలిపి కొట్టు, ఒక ఖాళీ వదిలి ఏటవాలు గీత (/), దాని వెంటనే డి, ఎల్, ఐ. చిన్న పెట్టె వస్తుంది. అందులో ఓఈఎమ్, రీటైల్, వాల్యూమ్ అన్న మూడు మాటల్లో ఒకటుంటుంది. ఇంట్లో మెషిన్‌కి వాల్యూమ్ అని చూపిస్తే ఎవరో ఏదో చేశారని అర్థం.

"యూరోపు కోర్టే ఒప్పుకుంది, పూర్తిగా చట్టబద్ధం" అని అమ్మేవాళ్ళు రాస్తుంటారు. 2012లో అక్కడి న్యాయస్థానం వాడిన లైసెన్స్‌ని తిరిగి అమ్ముకోవచ్చన్న మాట నిజమే. అదే తీర్పులో, అమ్మేవాడు తన దగ్గరున్న కాపీని పనికిరాకుండా చెయ్యాలనీ, గుత్తగా కొన్నదాన్ని విడదీసి అమ్మకూడదనీ కూడా ఉంది. ఆ భాగం ఎవరూ రాయరు. కాలేజీల ద్వారా వచ్చే విద్యార్థి రాయితీలు అసలైనవే, కానీ విండోస్ విషయంలో అవి సాధారణంగా అప్‌గ్రేడ్ హక్కులే, కింద ఒక అసలు లైసెన్స్ ఉండాలి.

సరే, నీది ఏడో తరమని తేలిందనుకో. ఏం చెయ్యాలి? విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే మెషిన్ ఆగిపోతుందని కాదు, భద్రతా ప్యాచ్‌లు రావని. ఇళ్ళలో వాడేవాళ్ళకి ఆ ప్యాచ్‌లు ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇచ్చారు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే వేరే డబ్బు కట్టక్కర్లేదు. ఈలోగా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

తనిఖీని తప్పించి దొడ్డిదారిన 11 ఎక్కించే చిట్కాలు నీకు ఎవరో ఒకరు పంపే ఉంటారు. అవి పనిచేస్తాయి, కాదనను. కానీ అలా ఎక్కించిన మెషిన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అన్నట్టే 11లో 24హెచ్2 వెర్షన్ వచ్చేసరికి కోర్ 2 డ్యువో లాంటి బాగా పాత ప్రాసెసర్లు బూట్ కాకుండా నిలిచిపోయాయి, వాటిల్లో పాప్‌కౌంట్ అనే ఆదేశం లేదని. ఆటకి వాడే మెషిన్‌లో చేసుకో, బ్యాంకు పనులు చేసేదాంట్లో వద్దు.

నన్నడిగితే లైసెన్స్‌కి పెడదామనుకున్న డబ్బుతో ఒక ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, కొను. నీ లాప్‌టాప్‌లో ఇంకా తిరిగే డిస్కే ఉందనుకుంటాను, ఆన్ చేసి కాఫీ పెట్టుకొస్తానని నువ్వే అన్నావు కదా. ర్యామ్ 4 ఉంటే 8 చెయ్యి. తర్వాత ఒక పెన్‌డ్రైవ్ మీద, విండోస్ బదులు వాడుకునే ఉచిత వ్యవస్థ లినక్స్ మింట్ ఎక్కించి, డిస్కు ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడు. వైఫై దొరికిందా, శబ్దం వస్తోందా, మూత వేసి తీస్తే నిద్ర లేచిందా చూసుకో. ఆ స్కానర్‌ని కూడా ఒకసారి తగిలించు. లినక్స్‌లో సేన్ అని స్కానర్ల వ్యవస్థ ఉంది, కంపెనీలే వదిలేసిన మోడళ్ళని అది ఇంకా నడుపుతోంది. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకెయ్, నీ విండోస్ నీకే ఉంటుంది.

ఇవాళ సాయంత్రం నాకు పంపాల్సినవి: రెండు మెషిన్ల అబౌట్ పేజీల ఫోటోలు, ఆ చిన్న పెట్టె ఫోటో, స్కానర్ అడుగున ఉన్న మోడల్ నంబరు. అవి చూశాకే మాట్లాడుకుందాం. ఆఫర్ గడియారం తిరగనీ, వచ్చే వారం మళ్ళీ పెడతారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. బయోస్‌లో టీపీఎమ్ జోలికి వెళ్ళేముందు, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని పుస్తకంలో రాసుకో. ఆ లాప్‌టాప్‌లోనే ఫైల్ చేసి దాచుకోకు తల్లీ, తాళం వేసిన గదిలో తాళంచెవి పెట్టినట్టవుతుంది.