ఉద్యోగం ఇచ్చే కంపెనీకే మనం అప్పు తెచ్చి డిపాజిట్ కట్టాలా?

ప్రశ్న: నా వయసు 30. మాది గుంటూరు జిల్లా. హైదరాబాద్ కేపీహెచ్‌బీ కాలనీలో అద్దెకు ఉంటున్నాం. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. నెలకు రూ.32,000 చేతికి వస్తుంది, ఇంటి ఖర్చు రూ.27,000 అవుతుంది. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. బ్యాంకులో రూ.80,000 ఎఫ్‌డీ, ఇంట్లో 5 కాసుల బంగారం ఉన్నాయి. మాదాపూర్‌లోని ఒక కంపెనీ ఏడాదికి రూ.7.2 లక్షల ప్యాకేజీతో ఆఫర్ ఇచ్చింది. చేరే ముందు రూ.1,50,000 సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలని, ఆరు నెలల తర్వాత తిరిగి ఇస్తామని అంటున్నారు. వారంలో కట్టకపోతే ఆఫర్ రద్దవుతుందట. మొదటి జీతం వచ్చేదాకా ఇంటి ఖర్చులకు కూడా కలిపి రూ.2 లక్షలు అప్పు చేయాలనుకుంటున్నాను. 16 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవడం మంచిదా, బంగారం తాకట్టు పెట్టడం మంచిదా?

జవాబు: రెండూ వద్దు. ఏ అప్పు చౌక అని మీరు అడిగారు కానీ, ఆ కంపెనీని నమ్మవచ్చా అని అడగలేదు. ఉద్యోగం మారే తొందరలో చాలామంది చేస్తున్న పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరానికి కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను.

జీతం ఇవ్వవలసిన సంస్థ చేరకముందే మీ దగ్గర డబ్బు అడుగుతోందంటే, మీరు దానికి వడ్డీ లేకుండా, ఏ హామీ లేకుండా అప్పు ఇస్తున్నారని అర్థం. పైగా ఆ డబ్బు మీది కాదు, 16 శాతానికి తెచ్చి ఇస్తున్నది. ఆరు నెలల తర్వాత వాళ్లు తిరిగి ఇచ్చినా ఆ ఆరు నెలల వడ్డీ మీ జేబులోంచే పోతుంది, ఇవ్వకపోతే మూడేళ్లపాటు నెలకు సుమారు రూ.7,030 చొప్పున ఈఎంఐ కడుతూ, అసలు మీద రూ.53,000కు పైగా వడ్డీ కూడా భరించవలసి వస్తుంది. డబ్బు కట్టించుకుని, కొన్నాళ్లు శిక్షణ పేరుతో కూర్చోబెట్టి, ఒక రోజు ఆఫీసుకు తాళం వేసి వెళ్లిపోయిన సంస్థల మీద మాదాపూర్ ప్రాంతంలో పోలీసులకు ఫిర్యాదులు అందడం కొత్తేమీ కాదు. అలా మోసపోయిన వారిలో ఊళ్లో పొలం మీదనో, అమ్మ మెడలోని గొలుసు మీదనో అప్పు తెచ్చినవారు ఉంటారు.

మీరు పంపిన ఆఫర్ లెటర్‌ను జాగ్రత్తగా చదివాను. లెటర్‌హెడ్ మీద "పదేళ్ల అనుభవం" అని ఉంది. అదే పేజీ అడుగున ఉన్న సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు చూడండి. 21 అక్షరాలు, అంకెలు ఉండే ఆ నంబరులో రాష్ట్రాన్ని సూచించే రెండు అక్షరాల తర్వాత వచ్చే నాలుగు అంకెలు కంపెనీ నమోదైన సంవత్సరాన్ని తెలుపుతాయి. మీ లెటర్‌లో అక్కడ 2025 అని ఉంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్‌లో వెతికితే ఆ కంపెనీలో యజమానులు చెల్లించిన మూలధనం రూ.1,00,000 మాత్రమేనని కనిపించింది. అంటే యజమానులు సొంతంగా పెట్టిన దానికంటే మీ ఒక్కరి దగ్గర అడుగుతున్నదే ఎక్కువ. కొత్త కంపెనీ కావడం, మూలధనం తక్కువ ఉండడం తప్పు కాదు, మంచి సంస్థలెన్నో అలాగే మొదలవుతాయి. అయితే వయసు దాచి, డబ్బు అడిగి, వారం గడువు పెట్టడం మూడూ ఒకేచోట కనిపించినప్పుడు ఇంకేమీ ఆలోచించనవసరం లేదు.

ఇకముందు ఏ ఆఫర్ వచ్చినా, ఉద్యోగుల భవిష్య నిధి (పీఎఫ్) సంస్థ అయిన ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లోని ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో ఆ సంస్థ పేరు వెతకండి. ఏ నెల పీఎఫ్ ఏ తేదీన జమ చేశారో, ఎంతమందికి చేశారో అక్కడ కనిపిస్తుంది. ఒక నెల జీతం మీద పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. తేదీలు తరచూ దాటిపోతున్నా, మూడు నాలుగు నెలలవి ఒకేసారి కట్టినా, ఉద్యోగుల సంఖ్య నెలనెలా తగ్గుతూ వస్తున్నా, ఆ సంస్థకు చేతిలో డబ్బు ఆడడం లేదని మీరు అనుమానించాలి. పీఎఫ్‌కే వెతుక్కునే సంస్థ రేపు జీతాలకూ వెతుక్కుంటుంది. ఇరవై మందికి పైగా పనిచేస్తున్నారని చెప్పుకుంటూ ఆ జాబితాలో అసలు పేరే లేకపోతే, ఎందుకు లేదో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

మీ లెటర్‌లో మూడేళ్లలోపు మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చే బాండు, దానికి హామీగా సంతకం చేసిన రెండు ఖాళీ చెక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అడిగారు. బాండ్లు చెల్లవులే అని స్నేహితులు చెప్పే మాటను నమ్మి సంతకం చేయకండి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు మూడేళ్లలోపు మానేసిన ఉద్యోగి నుంచి రూ.2 లక్షలు వసూలు చేయడాన్ని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. ఇక ఖాళీ చెక్కు ఇవ్వడం మరీ ప్రమాదం. వాళ్లు ఇష్టమొచ్చిన మొత్తం రాసుకుని బ్యాంకులో వేస్తే, ఖాతాలో డబ్బు చాలక అది బౌన్స్ అయినప్పుడు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కోర్టు చుట్టూ తిరగవలసినది మీరే. సర్టిఫికెట్లు చూపించండి, నకళ్లు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి బీరువాలోనూ పెట్టనివ్వకండి.

ప్యాకేజీ అంకె కూడా మిమ్మల్ని తొందరపెడుతోంది. నెలకు రూ.60,000 వస్తుందని మీరు లెక్క వేసుకుని ఉంటారు. లెటర్ వెనక పేజీలోని పట్టిక ప్రకారం రూ.7.2 లక్షల్లో రూ.1,20,000 పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చేది, అంటే ఇస్తారన్న హామీ లేనిది. కంపెనీ వాటా పీఎఫ్ రూ.21,600, గ్రాట్యుటీ పేరుతో రూ.17,300 కూడా అందులోనే కలిపారు. మీ వాటా పీఎఫ్, వృత్తి పన్ను పోగా చేతికి వచ్చేది నెలకు రూ.45,000 కూడా దాటదు. ఇప్పటి జీతం కంటే రూ.13,000 లోపే ఎక్కువ, అందులో సగానికి పైగా ఈఎంఐకే పోతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మీ ఎఫ్‌డీ. నెలకు రూ.27,000 ఖర్చున్న ఇంటికి కనీసం ఆరు నెలలకు సరిపడా, అంటే రూ.1,62,000 విడిగా ఉండాలి. మీ దగ్గర దానిలో సగమే ఉంది. రేపు ఆ కంపెనీ మూడో నెలలో జీతం ఆపేస్తే, ఈఎంఐతో కలిపి నెలకు రూ.34,000 బయటికి పోతూ, రూపాయి లోపలికి రాని స్థితిలో ఈ రూ.80,000 రెండు నెలలు దాటి కొద్ది రోజులకే అయిపోతుంది. అప్పుడు బంగారం, ఆ తర్వాత ఫోన్‌లో వచ్చే లోన్ యాప్‌లు. కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయే దారి ఇదే, దయచేసి ఆ దారిలో మొదటి అడుగు వేయకండి. అత్యవసర నిధి ఉన్న మనిషి ఉద్యోగాల వేటలో కూడా వేరుగా ప్రవర్తిస్తాడు. వారం గడువు పెట్టినప్పుడు "కుదరదు" అనగలుగుతాడు, ఇంకో నెల ఆగి మరో ఇంటర్వ్యూకు వెళ్లగలుగుతాడు. చేతిలో డబ్బు లేనివాడికే చెడ్డ ఆఫర్ కూడా అవకాశంలా కనిపిస్తుంది. కాబట్టి ఇప్పుడు నెలకు మిగులుతున్న రూ.5,000తో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, బోనస్ ఏదైనా వస్తే అందులోనే కలపండి. ఆ నిధి నిండేదాకా మ్యూచువల్ ఫండ్లు, చిట్టీల వైపు చూడవద్దు.

ఆరోగ్య బీమా విషయం కూడా గమనించండి. మీ ఇప్పటి సంస్థ ఇచ్చిన గ్రూప్ పాలసీ సాధారణంగా మీ చివరి పనిదినంతో ముగుస్తుంది. కొత్త లెటర్‌లో ప్రొబేషన్ పూర్తయ్యాకే బీమా అని ఉంది, అంటే రెండేళ్ల పాపతో ఆరు నెలలు రక్షణ లేకుండా గడపాలి. ఏ కంపెనీలో చేరినా సరే, సొంతంగా కనీసం రూ.5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే ఆరోగ్య బీమా) తీసుకుని, మొదటి 30 రోజుల నిరీక్షణ కాలం పూర్తయ్యాకే రాజీనామా ఇవ్వండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే అదీ ఈ ఏడాదే తీసుకోండి.

మీరు ఇంకా డబ్బు కట్టలేదు కాబట్టి, డిపాజిట్, ఖాళీ చెక్కులు లేకుండా చేరడానికి సిద్ధమేనని ఆ కంపెనీకి ఒక్క ఈమెయిల్ రాయండి. వాళ్లు ఒప్పుకున్నా పీఎఫ్ రికార్డు చూడకుండా రాజీనామా చేయవద్దు. ఒకవేళ ఇప్పటికే అడ్వాన్స్ పేరుతో ఆన్‌లైన్‌లో ఏమైనా పంపి, అది తిరిగి ఇవ్వడానికి నిరాకరిస్తుంటే, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆఫర్ లెటర్, చెల్లింపు రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకుండా దాచి ఉంచండి.