డబ్బు లెక్కలు వడ్డీతోనే మొదలుపెట్టండి

తొమ్మిదో తరగతికి వారానికో పీరియడ్ డబ్బు లెక్కలు చెప్పమన్నారు, ఇంటి బడ్జెట్ పట్టికతో మొదలుపెట్టనా అని అడిగారు. వద్దండీ. ఇంకా సంపాదన లేని పిల్లలకు అది గళ్లు నింపే పనిగా మిగిలిపోతుంది. వడ్డీతో మొదలుపెట్టండి. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వడ్డీ మాట చెవిన పడకుండా పెరిగిన పిల్లలు మా బడిలో దాదాపు ఉండరు.

నేను ముందు బోర్డు మీద రెండే ముక్కలు రాస్తాను: ‘రెండు రూపాయల వడ్డీ’, ‘12 శాతం వడ్డీ’. ఏది చవక అని అడిగితే చాలామంది రెండు రూపాయలదే అంటారు. ఊళ్లో చెప్పే రూపాయల వడ్డీ నూటికి నెలకు, పుస్తకంలో శాతం ఏడాదికి. అంటే రెండు రూపాయల వడ్డీ 24 శాతం. ఇది నోటికి వచ్చేదాకా సూత్రం జోలికి వెళ్లను.

తర్వాత బండి వాయిదాలు. దీనికి రెండు పీరియడ్లు పోయినా ఫరవాలేదు. 60,000 అప్పు, ‘పది శాతమే’ వడ్డీ, రెండేళ్ల గడువు. వడ్డీ 12,000 కలిపి 72,000, నెలకు 3,000. అందులో అసలు 2,500, వడ్డీ 500. ఇప్పుడు ఏ నెలకు ఎంత అసలు మిగిలి ఉందో పిల్లల చేతే రాయించండి: 60,000, 57,500, 55,000... అలా 24వ నెలకు 2,500. మొదటి నెల 60,000 మీద కట్టిన వడ్డీ 500, చివరి నెల 2,500 మీద కట్టేదీ 500. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు: “సార్, తీర్చేసిన డబ్బుకు కూడా వడ్డీ కడుతున్నామా?” ఆ ప్రశ్న పిల్లల నోటి నుంచే రానివ్వండి, మీరు ముందే చెప్పేయకండి. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే ఆ పది శాతం నిజానికి ఏడాదికి సుమారు 18 శాతం.

రోజువారీ ఫైనాన్స్ కూడా చెప్పి తీరాలి. కాగితం మీద 10,000, చేతికి 8,500, రోజుకు 100 చొప్పున వంద రోజులు. ‘1,500 మాత్రమే కదా’ అనిపిస్తుంది. రోజురోజుకూ అసలు తగ్గుతుందని చూసుకుంటే ఏడాదికి 120 శాతం దాటుతుంది. కూరగాయల బండ్లవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు తీసుకునేది ఇలాంటి అప్పులే కాబట్టి, ఈ లెక్క రాకుండా పిల్లలు బడి దాటకూడదని నా పట్టుదల.

ఒక్క జాగ్రత్త. ‘మీ ఇంట్లో అప్పెంత’ అని తరగతిలో ఎవరినీ అడగవద్దు, ఇంటి నుంచి కాగితాలు తెమ్మనవద్దు. అప్పు మాట వస్తే తల దించుకునే పిల్లలు ఉంటారు. అంకెలు మీరే కల్పించి ఇవ్వండి.

బట్టల దుకాణం తగ్గింపులు ఒక పూటలో అయిపోతాయి. 50 శాతం మీద మరో 20 శాతం అంటే 70 కాదు, 60 అని తెలిస్తే చాలు. చక్రవడ్డీ పదో తరగతికి ఉంచుకోవచ్చు. పరీక్షలో మాత్రం కాలిక్యులేటర్ వాడనివ్వండి. రెండు అప్పుల వివరాలు ఇచ్చి ఏది తీసుకుంటారో, ఎందుకో రాయమనండి. మార్కులు ఆ ‘ఎందుకు’కే వేయండి.