ఆ అన్నయ్య ఏం చేశాడమ్మా?

మీ ప్రశ్న – నా జవాబు
(జవాబులు: విజయనగరం జిల్లాలో మహిళా హెడ్‌కానిస్టేబుల్‌గా పనిచేసి పదవీ విరమణ పొందిన మా శీర్షిక రచయిత్రి)

ప్రశ్న: రాజాం నుంచి విజయనగరానికి రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్ళివస్తాను. మొన్న శనివారం తొమ్మిదేళ్ళ మా అమ్మాయిని వెంట తీసుకెళ్ళాను. చీపురుపల్లిలో ఒక కుర్రాడు ఎక్కాడు. తల ఒక పక్క నున్నగా గొరిగించుకుని, రెండో పక్క జుట్టుకు నీలం రంగు వేసుకున్నాడు. మెడ మీద పచ్చబొట్లు, చెవులకు పోగులు, గోళ్ళకు నల్లరంగు, కింద పరికిణీ లాంటి వదులు పంట్లాం. మా పక్క ఖాళీలో కూర్చోబోతుంటే అమ్మాయిని లాక్కుని ముందు సీటుకు వెళ్ళిపోయాను. వెనక నుంచి ఎవరో “గంజాయి బ్యాచ్” అన్నారు. ఇద్దరు ముగ్గురు లేచి అతని సంచి విప్పించారు. అందులో బట్టలు, టిఫిన్ డబ్బా తప్ప ఏమీ లేవు. గరివిడిలో తల వంచుకుని దిగిపోయాడు. ఇంటికొచ్చాక మా అమ్మాయి “ఆ అన్నయ్య ఏం చేశాడమ్మా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా వారు మాత్రం, ఆడపిల్ల తల్లివి, నువ్వు చేసిందే సబబు అన్నారు. జాగ్రత్తగా ఉండటం తప్పా?
– ఒక తల్లి, రాజాం

జవాబు: జాగ్రత్త తప్పు కాదమ్మా. కానీ ముందు మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ అబ్బాయి ఏమీ చేయలేదు. ఈ మాట ఇవాళే చెప్పండి. మీరు చెప్పకపోతే, అంతమంది పెద్దవాళ్ళు మీద పడ్డారంటే ఏదో చేసే ఉంటాడని ఆ పసిమనసు తనంతట తానే తేల్చుకుంటుంది.

సీటు మారడం మీ ఇష్టం. సంచి విప్పించడం మాత్రం దౌర్జన్యం. తోటి ప్రయాణికుడి సంచి సోదా చేసే అధికారం ఎవరికీ లేదు. నిజంగా అనుమానం ఉంటే కండక్టరుకు చెప్పాలి, 112కు ఫోను చేయాలి. అక్కడ ఎవరికీ అంత అనుమానం లేదు. ఉన్నది ఆ జుట్టు మీద చిరాకు.

గంజాయి మాట వచ్చింది కనుక చెబుతాను. ఒడిశా వైపు నుంచి వచ్చే దారుల మీద తనిఖీలకు నేను నిలబడ్డాను. సరుకు మోసేవాడి మొదటి జాగ్రత్త ఎవరి కంటా పడకపోవడం. ఇస్త్రీ చొక్కా, కాలేజీ సంచి, లేదా పెళ్ళికి వెళ్తున్న కుటుంబంలా పక్కన ఒక ఆడమనిషి. నీలం జుట్టుతో బస్సెక్కి అందరి చూపునూ తన మీదకు తెచ్చుకునేవాణ్ణి ఆ వ్యాపారంలో ఎవరూ దగ్గరకు రానివ్వరు.

ఇక ఆడపిల్ల సంగతి. ఇది మీరూ మీవారూ కలిసి చదవాలి. జాతీయ నేర రికార్డుల సంస్థ ఏటా వేసే నివేదికల్లో, అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్ళే. బంధువులు, ఇరుగుపొరుగు, ఇంటికి వచ్చిపోయేవాళ్ళు. వాళ్ళ బట్టల్లో వింత ఏమీ ఉండదు. చాలామందిని పిల్లలు మామయ్యా, తాతయ్యా అనే పిలుస్తారు. నేను వాంగ్మూలాలు రాసుకున్న ఆడపిల్లల్లో ఎక్కువమంది ముందు ఇంట్లో చెప్పబోయి, “ఆయన అలాంటివాడు కాదు” అనిపించుకుని నోరు మూసుకున్నవాళ్ళే. అందుకే మీ అమ్మాయికి నేర్పవలసింది జుట్టు రంగు కాదు. ఒంటరిగా పక్కకు పిలిచేవాళ్ళు, “అమ్మకు చెప్పకు” అనేవాళ్ళు, వద్దన్నా ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళు, అడగకుండా ఫోటో తీసేవాళ్ళు ఎవరైనా సరే, గట్టిగా అరిచి మీ దగ్గరకు పరుగెత్తి రావాలని చెప్పండి. పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు కంఠతా పట్టించండి.

వింత వేషం మనకు కొత్త కాదు కూడా. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మీ బస్సులోనే నల్లబట్టలు, మాసిన గడ్డం, చెప్పుల్లేని కాళ్ళతో ఎంతమంది ఎక్కుతారు? “స్వామీ, కూర్చోండి” అని లేచి చోటిస్తాం. అదే నలుపు, అదే గడ్డం జూన్‌లో కనబడితే సంచి మీద చేయి వేసుకుంటాం. దసరా వెళ్ళిన మంగళవారం మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానుకు, అంటే పూజారిని కొనన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మానుకు, ముందు అంజలి రథం నడుస్తుంది. దాని మీద మగవాళ్ళు ఆడవేషం కట్టుకుని కూర్చుని సిరిమాను మీదకు అక్షింతలు విసురుతారు. లక్షలమంది చేతులెత్తి మొక్కుతారు. ఆ బందోబస్తులో కోట దగ్గర నిలబడి నేను చూసిన జనంలో ఒక్కరి ముఖంలోనూ ఏవగింపు లేదు. చీర కట్టిన మగవాడు రథం మీదుంటే దణ్ణం, బస్సులో ఉంటే వెకిలినవ్వు. ఈ తేడా నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

ఆ చిరాకు ఎక్కడిదాకా పోతుందో 2018 వేసవిలో చూశాను. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో పుకార్లు పాకిన రోజులవి. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన సంచార కులానికి చెందిన అయిదుగురిని చంపేశారు.

మా పరిధిలో ఒక ఊరి నుంచి, దొంగను పట్టుకున్నాం రండి అని కబురొచ్చింది. వెళ్ళేసరికి రచ్చబండ దగ్గర చెట్టుకు ఒక ఆడమనిషిని కట్టేశారు. మండుటెండలో ఆమె వంటి మీద మూడు చీరలు, వాటి పైన మగవాళ్ళ స్వెట్టరు, ఆ పైన పిల్లల యూనిఫాం చొక్కా. “ఎందుకిన్ని తొడుక్కుంది? పిల్లల చొక్కా ఎక్కడిది?” అన్నదే వాళ్ళ సాక్ష్యం. తాడు విప్పుతుంటే ఆమె ఒడియాలో నీళ్ళడుగుతోంది. ముంజేతి మీద తాడు నొక్కిన చోట చర్మం లేచిపోయింది. స్టేషన్‌కు తెచ్చి, తినడానికి పెట్టి, ఒడియా వచ్చిన హోంగార్డు చేత నెమ్మదిగా అడిగించాం. రైలు ప్లాట్‌ఫారాల మీద పడుకునే మనిషి. తీసి పక్కన పెడితే రాత్రికి పోతాయి కనుక, ఉన్నవన్నీ వంటి మీదే ఉంచుకుంటుంది. చెత్తలో దొరికిన చొక్కా కూడా. ఊరంతటికీ పిచ్చిగా కనబడిన ఆ పనికి అంత సరళమైన కారణం ఉంది. అడగడానికి ఒక్కరికీ తీరిక లేకపోయింది.

ఇలా తిరిగేవాళ్ళలో మానసిక రోగులు ఎవరైనా కనబడితే పోలీసులకు చెప్పండి. వారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం పోలీసుల బాధ్యత.

మీరు రోజూ వెళ్ళే దారే కనుక ఆ అబ్బాయి మళ్ళీ ఎదురుపడవచ్చు. పక్కన చోటుంటే “కూర్చో బాబూ” అనండి. మీ అమ్మాయి వెంట ఉన్నరోజు అయితే మరీ మంచిది.

ప్రశ్న: పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. భుజాల దాకా జుట్టు, గడ్డం, చేతుల నిండా పచ్చబొట్లు ఉంటాయి. పని ముగించుకుని రాత్రి బండి మీద వస్తుంటే తనిఖీలో నన్ను ఒక్కణ్ణే ఆపుతారు. ముందు వెళ్ళినవాళ్ళనూ వెనక వచ్చేవాళ్ళనూ వదిలేస్తారు. అమ్మ జుట్టు కత్తిరించుకోమని ఏడుస్తోంది. ఏం చేయను?
– ఒక యువకుడు, శ్రీకాకుళం

జవాబు: బాబూ, జుట్టు నీది. ఉంచుకోవడమా తీసేయడమా అన్నది నీ ఇష్టం. భయపడి మాత్రం తీయకు.

ఆపి కాగితాలు అడిగితే చూపించు. ఎదురు గద్దించకు. మాదకద్రవ్యాల అనుమానంతో వంటి మీద సోదా చేస్తామంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ నీకు ఇచ్చింది. ఆ హక్కు ఉందని వాళ్ళే ముందు నీకు చెప్పాలి. పదేపదే నిన్నే ఆపుతుంటే తేదీ, సమయం, చోటు రాసిపెట్టుకుని ఎస్పీ కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఇవ్వు. తేదీలున్న కాగితాన్ని పక్కన పడేయడం కష్టం.

మా శాఖవాళ్ళకూ ఒక మాట. పుట్టుకను చూసి, తిరుగుడును చూసి మనుషుల్ని దొంగలుగా రాసుకున్న చరిత్ర మనది. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మన ప్రాంతం కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కులం పేరు చెబితే చాలు, రోజూ స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. ఆ చూపు మాత్రం ఇంకా కొందరిలో మిగిలి ఉంది. కొత్తగా చేరే కానిస్టేబుళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: వాడు నిన్ను చూడగానే ఏం చేశాడో గమనించు. దారి మళ్ళించాడా, సంచి కాలితో పక్కకు తోశాడా, అడిగినదానికి పొంతన లేకుండా చెప్పాడా? అవి ఆపడానికి కారణాలు. గడ్డం కారణం కాదు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు. ఆవిడ భయపడుతున్నది నీ జుట్టుకు కాదు, దాన్ని చూసి ఎవరైనా నీ మీద చేయి చేసుకుంటారేమోనని. రాత్రి బయలుదేరేటప్పుడు ఒక ఫోను చెయ్యి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. వీడియో కాల్‌లో భుజాన నక్షత్రాలతో, వెనక జాతీయ జెండాతో ఒక పోలీసు అధికారి కనిపించి, నా పేరున వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయన్నాడు. డిజిటల్ అరెస్టు అని గదిలోంచి కదలనివ్వలేదు. భయపడి డబ్బు పంపేశాను. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఎలా నమ్మాను?
– ఒక మాస్టారు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మీరు నమ్మింది మనిషిని కాదు, ఖాకీని. మనందరికీ చిన్ననాటి నుంచి అలా అలవాటు చేశారు. ఆ గుడ్డ వేసుకుని నేను గుమ్మంలో నిలబడితే ఏ తప్పూ చేయనివాళ్ళ గొంతు కూడా తడబడేది. మోసగాడికి ఆ సంగతి బాగా తెలుసు.

డిజిటల్ అరెస్టు అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, కేసు తీసేయడానికి ఖాతాలో డబ్బు వేయమనడు. ఇంకా ఫిర్యాదు చేయకపోతే ఈ పత్రిక పక్కన పెట్టి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. డబ్బు చేతులు మారకముందే ఖాతాలను నిలిపివేయగలిగితే కొంతైనా తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ప్రతి గంటా విలువైనదే. ఆ నంబరు, డబ్బు పంపిన రసీదులు, మాట్లాడిన సమయాలు చెరిపేయకండి. మీ బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేసిన నకలు తీసుకోండి. సిగ్గుపడి ఇంట్లో దాచవద్దు. పిల్లల్లో ఒకరిని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళండి.