ఎల్ఈడీతో బిల్లు తగ్గుతుంది, మరి ఫాల్స్ సీలింగ్‌తో?

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ టీచర్‌ని. హనుమకొండలో సొంత ఇల్లు. కరెంటు నెలకు 230 యూనిట్ల దాకా కాలుతోంది. ఇంట్లో 8 పాత ట్యూబ్‌లైట్లు, 5 సీఎఫ్ఎల్‌లు, రెండు 60 క్యాండిల్ (60 వాట్ల) బల్బులు ఉన్నాయి. అన్నీ తీసేసి ఎల్ఈడీలు పెట్టి, హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయడానికి 42,000 అడుగుతున్నారు. నెలకు 2,050 చొప్పున 24 నెలల ఈఎంఐ. బిల్లు సగానికి పడిపోతుంది, ఈఎంఐ దాంట్లోంచే వెళ్లిపోతుంది అంటున్నారు. మా అబ్బాయి కూడా చేయిద్దామనే అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: సార్, ముందు ఒక చిన్న లెక్క. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ఇంటి కరెంటు రేట్లతో 230 యూనిట్లకు మీకు పడేది సుమారు 1,250 రూపాయలు (ఫిక్స్‌డ్ ఛార్జీలు పక్కన పెట్టాను). రేపట్నుంచి మీ ఇంట్లో కరెంటే కాలకపోయినా మిగిలేది అంతే. ఈఎంఐ 2,050. అందులోంచి ఇది ఎలా వెళ్తుందో వాళ్లనే అడగండి.

అలాగని ఎల్ఈడీ వద్దని కాదు. లైట్లు మార్చండి, ఫాల్స్ సీలింగ్ ఆపండి. ఈ రెండింటినీ ఒకే ఎస్టిమేట్‌లో కలిపేయడంతోనే తికమక మొదలైంది.

పాత 40 వాట్ల ట్యూబ్‌లైట్ చోక్‌తో కలిపి 55 వాట్ల దాకా లాగుతుంది. అంతే వెలుగుకు ట్యూబ్‌లాగే పొడుగ్గా ఉండే ఎల్ఈడీ పట్టీ లైట్‌కు 20 వాట్లు చాలు. 60 క్యాండిల్ బల్బు పని 9 వాట్ల బల్బు చేస్తుంది. కానీ మిగులు ఎంతనేది ఆ లైటు రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుందన్నదాన్ని బట్టే. హాలు, వంటిల్లు, చదువుకునే గది, ఈ మూడు ట్యూబ్‌లు రోజుకు ఆరు గంటలు వెలుగుతాయనుకుంటే నెలకు 19 యూనిట్లు తగ్గుతాయి. గేటు దగ్గర 60 క్యాండిల్ బల్బు రాత్రంతా వెలుగుతుంటే ఆ ఒక్కదాన్ని మారిస్తేనే 18 యూనిట్లు. మిగతా ట్యూబ్‌లు, బాత్రూమ్ బల్బు, సీఎఫ్ఎల్‌లు అన్నీ కలిపినా 9 యూనిట్లు దాటవు. అందుకే ఆ నాలుగూ ఈ వారమే మార్చండి. వెయ్యి, పన్నెండు వందల్లో అయిపోతుంది. మిగిలినవి పాడైనప్పుడు చూసుకోవచ్చు.

ఇక్కడ స్లాబు, అంటే వాడిన యూనిట్లను బట్టి మారే రేటు మెట్టు, చేసే మాయ ఒకటుంది. 200 యూనిట్లకు 820 రూపాయలు పడుతుంది. 201కి వెళ్లారంటే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోయి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్ ధర 207 రూపాయలన్నమాట! ఆ నాలుగు లైట్లతో మీరు 193కి దిగుతారు, బిల్లు 786కి వస్తుంది. అంటే నెలకు 465 మిగులు, మూడు నెలల్లోపే పెట్టుబడి చేతికొస్తుంది. 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు తీసుకునే కుటుంబాలకైతే ఈ 200 గీత ఇంకా ముఖ్యం, దాటితే ఆ నెల బిల్లంతా కట్టాల్సిందే. ఎండాకాలంలో ఏసీ వేస్తే మీరు 200 ఎలాగూ దాటుతారు కాబట్టి స్లాబు లాభం ఉండదు, యూనిట్‌కు 7.70 చొప్పున మూడు వందలకు కాస్త తక్కువే మిగులుతుంది. అదీ తక్కువేం కాదు.

ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ సంగతి. మామూలుగా హాల్లో వాళ్లు పెట్టేది 12 వాట్ల రౌండ్ లైట్లు ఎనిమిది, అంటే 96 వాట్లు. అంచుల వెంట పది మీటర్ల స్ట్రిప్ లైట్, ఇంకో వంద వాట్లు. ఒక్క పాత ట్యూబ్‌లైట్ 55 వాట్లతో నడిచిన హాలుకు ఇప్పుడు దాదాపు 200 వాట్లు! మిగతా ఇల్లంతా ఎల్ఈడీలకు మార్చినా, హాల్లో ఇవన్నీ ఆరు గంటలు వేస్తే మీరు 215 యూనిట్ల దగ్గరే ఆగుతారు, 200 కిందికి దిగరు. అన్నీ ఎల్ఈడీలే, అయినా బిల్లు 1,135.

ఎల్ఈడీకి లోపాలు లేవా అంటే ఉన్నాయి. డబ్బా మీద రాసే 25,000 గంటలు రోజుకు ఆరు గంటల చొప్పున పదకొండేళ్లు. అంతకాలం నడిచినదాన్ని నేనైతే చూడలేదు. లోపలి ఎల్ఈడీ బాగానే ఉంటుంది, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ ముందు పోతుంది. వేడి, వోల్టేజీ ఎగుడుదిగుళ్లు దానికి పడవు. గాలాడని గాజు డోమ్‌లో బిగిస్తే ఇంకా త్వరగా పోతుంది. మరీ చవక రకాలు కంటికి తెలియకుండా మిణుకుమంటాయి. షాపులోనే వెలిగించి ఫోన్ కెమెరాలో చూడండి, తెరమీద చారలు పరుగెత్తితే పక్కన పెట్టేయండి. పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబ్ పెడతానని ఎలక్ట్రీషియన్ అంటే చోక్ తీయించి వైరు నేరుగా ఇప్పించండి, లేకపోతే అది ఊరికే కరెంటు తింటూ కూర్చుంటుంది.

వారంటీ బిల్లును కొన్న రోజే ఫోన్లో ఫొటో తీసుకోండి. మా వంటింటి లైటు ఏడాదిన్నరకు ఆగిపోతే రెండేళ్ల వారంటీ ఉంది కదా అని ధీమాగా షాపుకెళ్లాను. జేబులోంచి తీస్తే ఆ బిల్లు తెల్ల కాగితమైపోయింది, ఒక్క అక్షరం మిగల్లేదు. షాపతను నవ్వి కొత్తది తీసుకోమన్నాడు. డబ్బు సలహాలిచ్చే నాకు ఇంట్లో ఇప్పటికీ ఆ ముచ్చటే.

ఇంకాస్త తగ్గించాలని ఉంటే తర్వాతి ఖర్చు ఫ్యాను మీద పెట్టండి. రోజంతా తిరిగే హాలు ఫ్యాను 75 వాట్లయితే, బీఎల్‌డీసీ రకం (బ్రష్‌లు లేని డీసీ మోటారు ఫ్యాను) 35 లోపు తీసుకుంటుంది. రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 17 యూనిట్ల దాకా మిగులు. మూడు వేల ఖర్చుకు ఇది మంచి బేరం.

మీ అబ్బాయికి ఫాల్స్ సీలింగ్ మీద మోజుంటే తప్పులేదు, ఇల్లు అందంగా ఉండాలనుకోవడం మామూలే. అయితే దాన్ని పొదుపు ఖాతాలో రాయొద్దు, ఈఎంఐతో వడ్డీ కింద 7,200 కట్టొద్దు. చేతిలో డబ్బున్నప్పుడు చేయించుకోండి. స్ట్రిప్‌కు, రౌండ్ లైట్లకు, రోజూ వాడే ఒక్క పట్టీ లైటుకు విడివిడిగా స్విచ్‌లు అడగండి. డ్రైవర్ పోతే జిప్సమ్ సీలింగ్ పగలగొట్టకుండా మార్చేలా ఒక చిన్న మూత కూడా పెట్టించండి.