ఆఫీసు మాటలకు అసలు అర్థాలు

ఇటీవలే ఉద్యోగంలో చేరిన మీరు, మీటింగుల్లో రోజూ వినిపించే బ్యాండ్‌విడ్త్, అలైన్‌మెంట్, సింక్ అప్ వంటి మాటలకు, నవ్వు తెప్పించేవైనా సరే, నిజమైన నిర్వచనాలు కావాలని అడిగారు. నేను ప్రొద్దుటూరులో పుట్టి, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు కడపలో ఇంటి నుంచే అదే పని చేస్తున్నాను. సెలవు రోజుల్లో ఇక్కడి ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇంటర్వ్యూల విషయంలో సాయం చేస్తుంటాను. వాళ్లు ఉద్యోగంలో చేరిన నెలలోపే ఫోన్ చేసి మీ ప్రశ్నే అడుగుతారు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలైతే ఆ మాటలు తమకు ఇంగ్లీషు రాకపోవడం వల్లనే అర్థం కాలేదనుకొని మీటింగులో నోరు మెదపరు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ మాటలు చాలాసార్లు చెప్పిన మనిషికి కూడా స్పష్టంగా ఉండవు. వాళ్లకు చెప్పే నిర్వచనాలనే ఇక్కడ రాస్తున్నాను. వింటే నవ్వు రావచ్చు గాని, వీటిలో ఒక్కటి కూడా నవ్వించడం కోసం కల్పించింది కాదు.

ఏ మాట విన్నా నేను మూడు సంగతులు వెతుకుతాను: ఏ పని, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి. ఆ మూడూ తెలిస్తే ఆ మాట ఎంత కొత్తదైనా దానితో పేచీ లేదు. తెలియకపోతే, ఆ మూడింటిలో ఏది దాక్కున్నదో కనిపెట్టి బయటపెడితే అదే దాని అసలు అర్థం.

కొత్తవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టేది బ్యాండ్‌విడ్త్. సంకేతాలను పంపే శాస్త్రంలో అది హెర్ట్జ్‌లలో కొలిచే ఫ్రీక్వెన్సీల మేర. ఆ మేరను బట్టి, దారిలోని రొదను బట్టి ఎంత సమాచారం పంపగలమో దానికి ఒక హద్దు ఉంటుందని 1948లో క్లాడ్ షానన్ నిరూపించారు. ఆఫీసులో దాన్ని కొత్త పనికి మీ దగ్గర తీరిక ఉందా అనే అర్థంలో వాడతారు. అక్కడికి వచ్చేసరికి మాట మిగిలింది, హద్దు పోయింది. కాబట్టి ఆఫీసు బ్యాండ్‌విడ్త్ అంటే ఉందా అని అడిగి, లేదంటే ఒప్పుకోని వస్తువు. అంటే మీ శనివారం. మా టీములో జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. చేతిలో రెండు ప్రాజెక్టులు ఉండగానే మూడో దానికి కూడా బ్యాండ్‌విడ్త్ ఉందని చెప్పాడు. ఎందుకు చెప్పావని అడిగితే, "పెద్దాయన అందరి ముందర అడిగినాడు గదన్నా, లేదంటే ఏం బాగుంటాది?" అన్నాడు. ఇద్దరం కూర్చొని అతని చేతిలోని పనులన్నీ, వాటి గడువు తేదీలతో సహా, ఒక కాగితం మీద వేశాం. ఆ జాబితా కింద "వీటిలో దేన్ని వెనక్కి జరపమంటారో చెబితే కొత్తది మొదలుపెడతాను" అని ఒక్క వాక్యం చేర్చి అతను మెయిల్ పంపాడు. మేనేజరు ఆ సాయంత్రమే ఒక పనిని మరుసటి వారానికి జరిపారు. ఆయన చెడ్డవారు కారు. ఆ అబ్బాయి మీద ఎన్ని పనులు ఉన్నాయో ఆయన దగ్గర ఎక్కడా రాసి లేదు, అంతే. మీరు కూడా ఉంది, లేదు అని కాకుండా జాబితాతోనే జవాబు చెప్పండి.

ఈఓడీ (ఎండ్ ఆఫ్ డే) అనే మాట కొంత మోసకారిది, ఎందుకంటే దానిలో గడువు ఉన్నట్టే కనిపిస్తుంది. రోజు ముగిసేలోపు అంటారు సరే, ఎవరి రోజు? న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటలంటే వేసవిలో మనకు తెల్లవారుజామున 2:30, చలికాలంలో 3:30. క్లయింటు కాలిఫోర్నియాలో ఉంటే వేసవిలో ఉదయం 5:30 అవుతుంది. ఒకే ఈఓడీని బెంగళూరు మేనేజరు ఆరు గంటలనుకుంటాడు, అమెరికా మనిషి తన ఐదు గంటలనుకుంటాడు, మధ్యలో ఉన్న మనిషి తెల్లవార్లూ కూర్చుంటాడు. అందుచేత దీని నిర్వచనం ఇది: ఈఓడీ అంటే భూమి మీద ఎక్కడో ఒకచోట ఇంకా ముగియని రోజు. మీకు ఆ మాటతో మెయిల్ వస్తే "మన కాలమానం ప్రకారం రాత్రి 8 గంటలకు పంపుతాను" అని వెంటనే జవాబు రాయండి. ఏఎస్ఏపీకి, అంటే వీలైనంత త్వరగా అనే మాటకు కూడా ఇదే మందు. దానిలో తేదీ అసలే లేదు కాబట్టి ఆ తేదీ ఏదో మీరే రాసి పంపాలి.

మరికొన్నిటిని త్వరగా చెబుతాను. అలైన్‌మెంట్ మీటింగు అంటే నిర్ణయం అయిపోయిన తరువాత మీ ఒప్పుదల కోసం పెట్టే మీటింగు. సింక్ అప్ అంటే ఇద్దరు మాట్లాడుకుంటే తేలిపోయే సంగతిని ఎనిమిది మంది క్యాలెండర్లలో పెట్టడం. సర్కిల్ బ్యాక్ (తరువాత మళ్లీ మాట్లాడదాం) అంటే అడిగిన మనిషి మరిచిపోయేదాకా ఆగుదామని. ఆఫ్‌లైన్‌గా మాట్లాడుకుందాం అంటే ఈ మాట పదిమందిలో వద్దని. ఈ చివరిది చెడ్డ మాటేమీ కాదు. ఒక మనిషి పొరపాటును అందరి ముందు విప్పకుండా ఆపిన సందర్భాల్లో దాని విలువను నేను చూశాను. జవాబు ఇష్టంలేని ప్రశ్నను తప్పించడానికి వాడినప్పుడే దానితో చిక్కు.

లో హ్యాంగింగ్ ఫ్రూట్ గురించి మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి. చేతికందేటంత కింద ఉన్న పండు అని, అంటే సులువుగా ముగిసే పని అని వాళ్ల ఉద్దేశం. మా మేనమామకు తాడిపత్రి దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. నేలను తాకే కొమ్మలను ఆయన కత్తిరించి తీసేస్తాడు, ఎందుకంటే వానకు మట్టి చిందినప్పుడు ఆ కింది కాయలకే ముందుగా కుళ్లు తెగులు తగులుతుంది. ఆఫీసులో కూడా నేను గమనించింది ఇదే. చేతికందేటట్టు ఉండి కూడా ఇన్నేళ్లుగా ఎవరూ కోయని పండు అని దానికి నిర్వచనం రాసుకోండి, ఎందుకు కోయలేదో విచారించిన తరువాతే చెయ్యి చాపండి. సులువైన పని అని కొత్తవాళ్లకు అప్పగించే పాత ప్రోగ్రాముల్లో పాతవాళ్లు వదిలేసి వెళ్లిన చిక్కుముళ్లు తరచుగా ఉంటాయి.

అన్ని మాటలూ ఇలాంటివే అనుకుంటే మాత్రం అన్యాయం అవుతుంది. తయారీలో లోపాలను తగ్గించే సిక్స్ సిగ్మా అనే పద్ధతి 1986లో మోటరోలా కంపెనీలో మొదలైంది. 10 లక్షల అవకాశాల్లో లోపాలు 3.4కు మించకూడదన్నది దాని లక్ష్యం. ఇష్టం లేకపోయినా దాన్ని కొలిచి చూడవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న అంచెలుగా తయారుచేసే ఏజైల్ పద్ధతికి పునాది వేసిన ప్రకటనను 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి రాశారు. ఆ కుటుంబానికే చెందిన స్క్రమ్ పద్ధతి నియమాల్లో రోజువారీ సమావేశం 15 నిమిషాలకు మించకూడదని స్పష్టంగా ఉంది. అదే మన ఆఫీసుల్లో స్టాండప్ పేరుతో ముప్పావు గంట కూర్చొని జరుగుతుంది. ఇక్కడ తప్పు మాటది కాదు, దానితో వచ్చిన అంకెను వదిలేసి పేరును మాత్రం ఉంచుకోవడానిది. అందుకే స్టాండప్‌కు నా నిర్వచనం: నిలబడి చేస్తే కాళ్లు నొప్పులు పుట్టేటంత సేపు సాగుతుంది కాబట్టి కూర్చొని చేసే సమావేశం.

ఇది కంపెనీలకు మాత్రమే పరిమితమైన సంగతి కాదని కడపవాళ్లకు చెప్పనక్కర్లేదు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మా ఊరికి వచ్చిన సి.పి. బ్రౌన్, కచేరీ వ్యవహారాల్లో వాడే మాటలకు అర్థాలు చెప్పే ఒక నిఘంటువును 1852లో ప్రత్యేకంగా వెలువరించారు. 1854లో తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు మరొకటి అచ్చయింది. జమాబందీ (శిస్తు లెక్క), ఫైసలా (తీర్పు), తాఖీదు (ఆజ్ఞాపత్రం) వంటి మాటలకు కూడా ఒకప్పుడు అర్థం చెప్పేవాళ్లు కావలసి వచ్చిందన్నమాట. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోట వెలసిన గ్రంథాలయానికి వెళ్లినప్పుడల్లా, ఆఫీసు మాటలకు అర్థాలు రాసిపెట్టడం చిన్న పని కాదని నాకు ధైర్యం కలుగుతుంది.

నేటి ప్రభుత్వ ఆఫీసుల్లో అలాంటి అర్థం అవసరమైన మాట "పరిశీలనలో ఉంది" అనేది. మా నాయన పొలం రికార్డులో పడిన ఒక తప్పును దిద్దమని అర్జీ ఇస్తే, ఒక ఆఫీసు నుంచి చాలాకాలం ఆ మాటే జవాబుగా వచ్చింది. చివరికి సమాచార హక్కు చట్టం కింద, అర్జీ ఏ అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఉందో తెలపమని అడిగాం. 2005 నాటి ఆ చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజుల్లోగా సమాచారం ఇవ్వాలి. ఆ జవాబు వచ్చేలోపే రికార్డు సరి అయింది. "పరిశీలనలో ఉంది" అంటే ఫైలు ఒక బల్ల మీద ఉంది, ఆ బల్ల ఎవరిదో చెప్పము అని అర్థం.

అన్నిటికన్నా జాగ్రత్తగా వినవలసిన మాటలు మనిషి గురించి వాడేవి. కంపెనీ లెక్కల్లో మనిషిని రిసోర్స్ (వనరు) అంటారు. ఏ క్లయింటుకూ బిల్లు వేయని కాలంలో అతను బెంచ్ మీద ఉన్నాడంటారు. మా వీధిలో ఒక తల్లి, కొడుకు ఆ మాట చెప్పగానే "ఏం తప్పు చేసినావని బెంచీ మీద నిలబెట్టినారు నాయనా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అది శిక్ష కాదు, జీతం వస్తుంది అని నేను చెబితే కుదుటపడింది గాని, ఆమె భయం పూర్తిగా తప్పు కాదు. బెంచ్ అంటే కంపెనీకి అవసరమైనంతవరకు జీతంతో కూడిన నిరీక్షణ. ఆ అవసరం తీరిన రోజున రైట్ సైజింగ్, రీస్ట్రక్చరింగ్, ఆప్టిమైజేషన్ అనే మాటలు మెయిల్లోకి వస్తాయి. వాటన్నిటికీ కలిపి నిర్వచనం ఒకటే: కొందరి ఉద్యోగాలు తీసేస్తున్నాం, తీసేసేది ఫలానావారని మాత్రం రాయము.

ఆ మాటలు మీ చెవిన పడితే కంగారుపడి ఏ కాగితం మీదా వెంటనే సంతకం పెట్టకండి. మీ చివరి పనిదినం ఏ తేదీ, నోటీసు కాలానికి జీతం ఎంత, మిగిలిన సెలవులకు డబ్బు ఇస్తారా, కంపెనీ ఆరోగ్య బీమా ఎప్పటివరకు ఉంటుంది, అనుభవ ధ్రువపత్రం ఎవరు ఎప్పుడు ఇస్తారు అనే ప్రశ్నలను మెయిల్లో అడిగి, జవాబులు కూడా మెయిల్లోనే తీసుకోండి. ఆ మెయిళ్ల ప్రతులను ఆఫీసు ల్యాప్‌టాప్ వాపసు ఇవ్వకముందే, కంపెనీ నియమాలు ఒప్పుకునే మేరకు, మీ దగ్గర భద్రపరుచుకోండి.