ధ్యానం కుదరడానికి అశ్వగంధ, బ్రహ్మి వాడొచ్చా? నా అనుభవం

"ధ్యానానికి కూర్చుంటే ఐదు నిమిషాలకే మనసు ఎటో పోతోంది. అశ్వగంధ, బ్రహ్మి కలిపి వాడితే ఏకాగ్రత కుదురుతుందా? వాడినవాళ్లు చెప్పండి" అని మీరు అడిగారు. నేను రెండూ వాడాను. కలిపి కాదు, ఒకదాని తర్వాత ఒకటి. మొదటిది నన్ను ఆస్పత్రి దాకా తీసుకెళ్లింది. రెండోది ఇప్పటికీ మా ఇంట్లో కుండీలో పెరుగుతోంది.

నాకు పన్నెండేళ్లుగా థైరాయిడ్ తక్కువ. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటాను. ధ్యానం అప్పటికి నాలుగేళ్ల అలవాటు. ఇంట్లో ఒక కష్టం వచ్చి, నెలల తరబడి నిద్ర సరిగ్గా పట్టని రోజుల్లో మా వదిన ఒక అశ్వగంధ పొడి డబ్బా తెచ్చి ఇచ్చింది. "రాత్రి పాలల్లో ఒక చెంచా కలుపుకో వదినా, మనసు చల్లబడుతుంది. మూలికే కదా, ఏమీ చెయ్యదు" అంది. ప్రేమతోనే ఇచ్చింది. తనకు బాగానే పనిచేసింది కూడా.

మొదటి మూడు వారాలు నాకూ బాగుంది. నిద్ర వచ్చింది. నిద్ర వచ్చాక ధ్యానం దానంతటదే మెరుగుపడింది. అసలు సంగతి ఆరో వారంలో మొదలైంది.

తెల్లవారుజామున నలుగురం కలిసి కూర్చునేవాళ్లం. ఒకరోజు కళ్లు మూసుకున్న పది నిమిషాలకే గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. చెవుల్లో ఆ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఒళ్లంతా వేడి, అరచేతుల్లో చెమట, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. శ్వాస మీద మనసు నిలపాలని చూస్తే శ్వాసే దొరకలేదు. అయ్యాక, మమ్మల్ని కూర్చోబెట్టే పెద్దాయనతో ఈ మాట చెప్పాను. ఆయన సంతోషించారు. "శక్తి లేస్తోందమ్మా. అదృష్టం. భయపడి ఆపకు" అన్నారు. నేను నమ్మాను. సాధన పెంచాను, ఆ పొడి కూడా రెండు చెంచాలు చేశాను.

ఇంకో నెలకు నాలుగు కిలోలు తగ్గాను. సూదిలో దారం ఎక్కించలేకపోయాను. చీటికీ మాటికీ పిల్లల మీద కసురుకున్నాను. మా ఆయన బలవంతాన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. "కొత్తగా మందులేమైనా మొదలుపెట్టారా?" అని ఆవిడ అడిగితే "లేదండీ" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, ఆ పొడి మందు అన్న ఆలోచనే నాకు రాలేదు. మా ఆయన పక్కనుంచి "ఆ డబ్బా సంగతి చెప్పు" అన్నారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 0.04 వచ్చింది. ఇది ఇంతగా పడిపోయిందంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువైపోయిందని అర్థం. అంతకుముందు ఎప్పుడు చూసినా రెండు, మూడు మధ్యే ఉండేది. అశ్వగంధకు థైరాయిడ్ హార్మోన్లను పెంచే గుణం ఉంది. పైనుంచి నేను మాత్ర కూడా వేసుకుంటున్నాను. పొడి ఆపేశాక ఏడు వారాలకు అంతా సర్దుకుంది. నా "శక్తి" కూడా దిగిపోయింది.

ఇది జరిగాక యోగసూత్రాలు మళ్లీ చదివాను. సమాధిపాదం 30వ సూత్రంలో పతంజలి సాధనకు వచ్చే తొమ్మిది అడ్డంకులు చెప్పాడు. మొట్టమొదటిది వ్యాధి. ఆ తర్వాతి సూత్రంలో విక్షేపంతో, అంటే మనసు చెదరడంతో, పాటు వచ్చే లక్షణాల్లో అంగమేజయత్వం, అంటే ఒళ్లు వణకడం, ఒకటి. శ్వాస తప్పడం ఇంకొకటి. చెదిరిన మనసుకు గుర్తులని అక్కడ రాసి ఉన్నవాటినే మాకు పురోగతి అని చెప్పారు. పదిమందిని కూర్చోబెట్టేవాళ్లు ఈ రెండు సూత్రాలైనా చదవాలి కదా! ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఇంకో మాట. మెదడుకు, జ్ఞాపకశక్తికి అంటూ అశ్వగంధను ఇవాళ అందరూ ముందు వరసలో పెడుతున్నారు. చరకుడు మేధ్య రసాయనాలని, అంటే బుద్ధికి బలాన్నిచ్చే మందులని, ప్రత్యేకంగా చెప్పినవి నాలుగే: మండూకపర్ణి రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. అందులో అశ్వగంధ లేదు. దాన్ని ఆయన బలాన్నిచ్చేవాటిలో, ఒళ్లు పట్టించేవాటిలో చేర్చాడు. చిక్కిపోయినవాళ్లకు, నీరసించినవాళ్లకు అది గొప్ప మందే. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. అంతదాకా వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం. కానీ థైరాయిడ్ ఉన్నవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు దాని జోలికి సొంతంగా వెళ్లకూడదు.

బ్రహ్మి విషయానికొస్తే, ఏడాది ఆగి, డాక్టరమ్మకు ముందే చెప్పి మొదలుపెట్టాను. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో అది కూడా థైరాయిడ్ హార్మోనును పెంచిందని, అందుకని ఆరు వారాలకోసారి రక్తం చూపించుకోవాలని ఆవిడ షరతు పెట్టారు. నాకు ఏ తేడా రాలేదు. మొదట్లో పరగడుపున తీసుకుంటే వికారంగా ఉండి, విరేచనాలయ్యాయి. అన్నం తిన్నాక, నేతితో తీసుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. నెయ్యి లేకుండా బ్రహ్మి తీసుకోవడం వృథా అని నా గట్టి నమ్మకం. బ్రాహ్మీ ఘృతం అని పాతకాలం వైద్యులు నేతిలోనే కాచింది ఊరికే కాదు.

నేను శ్వాసలు లెక్కపెడతాను, ఒకటి నుంచి ఇరవై ఒకటి దాకా. మామూలుగా ఏడో ఎనిమిదో దాటేసరికి లెక్క తప్పేది. బ్రహ్మి మొదలుపెట్టిన తొమ్మిదో వారంలో ఒకరోజు ఇరవై ఒకటి పూర్తయింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే అదీ పూర్తయింది. అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది బ్రహ్మి వల్లేనని నాకు ఏ అనుమానమూ లేదు. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో కూడా ఎక్కువగా రోజుకు 300 మిల్లీగ్రాముల బ్రహ్మి సారాన్ని 12 వారాలు ఇచ్చి చూశారు. పది రోజులు వాడి "ఏం తేడా లేదు" అనేవాళ్లు ఇది గమనించాలి.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. గుండ్రటి ఆకుల సరస్వతి ఆకునూ బ్రహ్మి అనే అమ్ముతారు. అది మండూకపర్ణి, మంచిదే, కానీ వేరే మొక్క. నీటి బ్రహ్మి ఆకులు చిన్నవి, దళసరివి, తడినేల మీద పాకుతుంది. శంఖపుష్పి పేరుతో అయితే ఒక్కొక్కరు ఒక్కో మొక్క ఇస్తారు. డబ్బా మీద శాస్త్రీయ నామం రాయనివాళ్ల దగ్గర నేను ఏదీ కొనను. అందుకే మొక్క తెచ్చి పెంచుకున్నాను.

ఇక మీరు రాసిన "మనసు ఎటో పోతోంది" అన్న మాట. మన పెద్దలు దీన్ని రెండుగా విడదీశారు. మనసు మగతలోకి జారిపోతే లయం, నాలుగు దిక్కులకూ పరుగెత్తితే విక్షేపం. లయం ఉన్నవాళ్లు నిద్ర తెప్పించే మూలిక వేసుకుంటే కూర్చున్న చోటే తూగుతారు. మీది ఏదో మీరు రాయలేదు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో, రోజూ వేసుకునే మాత్రలు ఏమైనా ఉన్నాయో కూడా రాయలేదు. అవి చెప్పండి. ఈలోగా ఆ రెండు డబ్బాలూ కలిపి మాత్రం తెరవకండి.